బెల్లం గడ్డం

మొన్న ఆదివారం పొద్దున మా మనవరాలు నల్లటి గడ్డం తగిలించుకొని నా మంచం ముందు నిలబడింది. కత్తి చూపించి, ఉన్నదంతా తీసి ఇచ్చెయ్యమంది. కామారెడ్డిలో వాళ్ల బడి గ్రౌండులో ఏదో ఉత్సవమట, పిల్లలందరూ తలా ఒక వేషం కట్టాలట. ఈ పిల్లది సముద్రపు దొంగ వేషం. టోపీ, కంటిపట్టీ, కత్తి, గడ్డం అన్నీ ఒకే ప్యాకెట్టులో ఇంటికి వచ్చాయి. గడ్డానికి సాగే దారం ఉంది, చెవులకు తగిలిస్తే పనైపోతుంది. అరుపులు మాత్రం పొద్దెక్కేదాకా ఆగలేదు. ఇల్లు పీకి పందిరి వేసింది. వాళ్లమ్మ, అంటే నా బిడ్డ, వంటింట్లోంచి "నోరు మూస్తవా లేదా" అని కసిరింది. నాకెందుకో ఒళ్లు మండిపోయింది. దాని నోరు దాని ఇష్టం, అరవనియ్యి అని నేనూ గట్టిగా అరిచాను. అల్లుడు పేపరు దించి నావైపు చూశాడు.

తర్వాత మనవరాలిని దగ్గర కూర్చోబెట్టుకొని, నేను కూడా ఒకప్పుడు సముద్రపు దొంగనేనని చెప్పాను. అది నమ్మలేదు. నువ్వు సముద్రం చూశావా అని అడిగింది. చూడలేదు, ఇప్పటికీ చూడలేదు.

మా ఊరు కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే తోవలో తాడ్వాయి దాటాక లోపలికి ఉంటుంది. అప్పట్లో ఊరి చుట్టూ చెరుకే. చలి మొదలైందంటే గానుగలు ఆడేవి. పెద్ద కడాయిలో రసం కాగుతుంటే ఆ వాసన ఊరి మీద కమ్ముకునేది. జుట్టుకు అదే వాసన, దుప్పటికి అదే వాసన, ఆఖరికి పచ్చిపులుసులోనూ బెల్లం వాసనే. కడాయి దించే వేళకు పిల్లలమంతా మోదుగాకులు పట్టుకొని వరుసగా కూర్చునేవాళ్లం. వేడి పాకం ఆకులో పోస్తే ఊదుకుంటూ, నాలుక కాల్చుకుంటూ తినేవాళ్లం. కొందరు కందగడ్డలకు దారం కట్టి కడాయిలోకి వదిలేవాళ్లు. ఎవరి గడ్డ ఎవరు తిన్నారని అక్కడే ఒక పంచాయితీ. ఇప్పుడు ఆ గానుగలు లేవు, ఆ చెరుకూ లేదు. ఊరికి పోతే వరి మడులు, ట్రాక్టరు పొగ.

ఆ ఏడు మాత్రం బెల్లం వాసన నాకు కిటికీలోంచే వచ్చింది. ఏడో తరగతి సగంలో ఉండగా నేను పెద్దమనిషినయ్యాను. నువ్వులు, బెల్లం, ఎండుకొబ్బరి దంచి పెట్టారు. కొత్త లంగా, ఓణీ ఇచ్చారు. ఊళ్లో ఆడవాళ్లందరూ వచ్చి పాటలు పాడారు. నాకు అదంతా పెద్ద సంబరంగానే ఉండింది. సంబరం అయిపోయాక, ఇగ బడి చాలు అన్నాడు బాపు. బాపు కొట్టేవాడు కాదు, తిట్టేవాడూ కాదు. గంజి మార్కెట్టుకు బెల్లం తోలిన ప్రతిసారీ కామారెడ్డి నుంచి నాకు జిలేబీ తెచ్చేవాడు. అలాంటి మనిషి మెల్లగా ఒక మాట అంటే దానికి ఎదురు చెప్పడం ఎట్లాగో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అమ్మకు గానుగ కాడ కూలీల వంటతోనే తెల్లారేది.

నడిమింట్లో కిటికీ పక్కన నా చాప. కిటికీకి ఇనుప చువ్వలు. పొద్దున నా తోటి పిల్లలు సంచులు ఊపుకుంటూ బడికి పోవడం, సాయంత్రం తిరిగి రావడం అందులోంచి చూసేదాన్ని. మొదట్లో నా పేరు పిలిచి చెయ్యి ఊపేవాళ్లు, తర్వాత తర్వాత తల కూడా తిప్పలేదు. నా దగ్గర లెక్కల పుస్తకం ఒక్కటే మిగిలింది. అందులో లెక్కలన్నీ చేసి, మళ్లీ చెరిపి, మళ్లీ చేశాను. ఆ బాధ ఎట్లా ఉండేదంటే, బావి దగ్గర నిలబడి దూపకు నాలుక ఎండడం లాంటిది. పరీక్షలు దగ్గరపడుతున్నాయి. ఏడో తరగతి పరీక్ష రాయాలి, ఒక్కసారి రాయనిస్తే చాలు అని దేవుళ్లందరికీ మొక్కాను. వాళ్లలో ఏ ఒక్కరూ బాపుతో మాట్లాడినట్టు లేదు.

ఆ ఏడు మొహర్రం పీర్ల పండుగ గానుగల కాలంలోనే వచ్చింది. మా ఊళ్లో పీర్ల పండుగ అందరిదీ. పీర్లను ఎత్తేది సాయబు తాత అయినా, దట్టీలు, అంటే మొక్కు గుడ్డలు, కట్టేవాళ్లలో సగానికి మించి మావాళ్లే. మా ఇంట్లో దానికి ఇంకో ముడి ఉంది. తమ్ముడు చంటిపిల్లవాడుగా ఉన్నప్పుడు ఫిట్సు వచ్చి కళ్లు తేలేస్తే, అవ్వ, అంటే బాపు తల్లి, పీర్ల ముందు కొంగు పరచి మొక్కిందట. పిల్లవాడు బతికితే, మీసం వచ్చేదాకా ఏటేటా వేషం కట్టించి నీ ముందుకు తోలుతానని. అందుకని వాడు ప్రతి ఏడూ పులి అయ్యేవాడు. ఒంటి నిండా పసుపు రంగు, నల్ల చారలు, వెనక గడ్డి తోక. ఆ రంగు పోవడానికి కిరోసిన్ రాసి రుద్దితే వాడు నిజంగా పులిలాగే గాండ్రించేవాడు.

ఆ ఏడు పండుగకు ముందు వాడికి పచ్చకామెర్లు వచ్చాయి. రంగు పూయకుండానే పసుపుగా ఉన్నాడు. లేచి నిలబడితే తూలిపోతున్నాడు. బాపు బెల్లం బండ్లతో గంజికి పోతూ, ఈసారికి మొక్కు సంగతి ఎట్లనో చూడమని అవ్వకు చెప్పి పోయాడు. పీర్లు బయటికి వెళ్లే ఆఖరి రోజు పొద్దున అవ్వ తమ్ముడి మంచం పక్కన చాలాసేపు కూర్చుంది. తర్వాత వచ్చి నా ముందు నిలబడింది. తమ్ముడి పేరు మీద వేషం నేను కట్టాలన్నది. ఇంటి గడప దాటకూడదని నాకు కాపలా ఉన్నది ఆమే.

ఏ వేషం అన్నదే చిక్కు. పులి అంటే చొక్కా విప్పాలి, నాకు కుదరదు. ఫకీరు వేషం కట్టినవాడు ఇల్లిల్లూ తిరిగి పిలిచి అడుక్కోవాలి, గొంతు బయటపడుతుంది. అప్పుడు చిన్నమామ అందుకున్నాడు. చిన్నమామ మా అమ్మ ఆఖరి తమ్ముడు. దుబాయి పోతానని అందరికీ దండాలు పెట్టి బయలుదేరి, ఏజెంటు ముంచితే బొంబాయిలోనే ఆగిపోయి, రేవులో మూటలు మోసి వచ్చినవాడు. మా ఊళ్లో సముద్రం చూసిన మనిషి ఆయనొక్కడే. కాబట్టి ఆయన ఏం చెప్పినా మాకు నిజమే. సముద్రం మీద దొంగలుంటారనీ, వాళ్లకు ఒక కన్ను ఉండదనీ, ఒక కాలు కట్టెదనీ, నెత్తికి ఎర్ర గుడ్డ కట్టుకొని మొలదాకా గడ్డం పెంచుతారనీ చెప్పాడు. ఆ వేషమైతే కాలి గోరు దగ్గర్నుంచి నెత్తి దాకా కప్పుకోవచ్చన్నాడు.

పీర్ల ముందుకు దొంగ వేషం కట్టి పోతే పాపం కాదా అని అవ్వకు అనుమానం వచ్చింది. మంచివాడికి దేవుడి దగ్గర ఏం పని, దొంగే కదా పోవాల్సింది అన్నాడు చిన్నమామ. ఆ దొంగలు ఏం తింటారని కూడా అడిగింది. చేపలు అన్నాడు. అవ్వ కాస్త నిమ్మళపడింది.

ఇక ఇల్లంతా గాలించడం మొదలైంది. చిన్నమామ బొంబాయి నుంచి తెచ్చుకున్న నల్లకోటు నా మోకాళ్ల కిందికి వచ్చింది. బాపు పాత పైజామా కాళ్లు మడిచి కుట్టారు. నెత్తికి ఎర్రదస్తీ. జడను కోటు లోపల వీపు మీద పడేసి పైన నులక తాడుతో నడుముకు బిగించారు. కంటికి పట్టీ కావాలంటే చిన్నమామ పశువుల కొట్టంలోకి పోయి ఎద్దు గంత తెచ్చాడు. ఇంజను రాకముందు గానుగ తిప్పే ఎద్దు కళ్లకు కట్టేవాళ్లు, కళ్లు తిరగకుండా. తోలుది. దాన్ని నా కొలతకు కోసి కంటికి కడితే ఎద్దు చెమట వాసన గుప్పుమంది. పాకం కలిపే తెడ్డుకు వెండి కాగితం చుడితే కత్తి అయింది. కాళ్ల పట్టీలు తీయబోతే ఒకటి ఊడింది, రెండోది ఎంత లాగినా రాలేదు. మోగకుండా దానికి గుడ్డపేలిక చుట్టారు. ఆ కాలే కట్టెకాలు అన్నాడు చిన్నమామ. కుంటడం ఎట్లాగో పెరట్లో నేర్పించాడు. మంచం మీద పడుకొని చూస్తున్న తమ్ముడు చాలా రోజుల తర్వాత నవ్వాడు.

మిగిలింది గడ్డం. పాత నల్లగొంగడి అంచు విప్పి ఉన్ని తీశారు. అతికించడానికి తుమ్మబంక లేదు. ఎవరికైనా కాలు బెణికితే అవ్వ బెల్లం, సున్నం కలిపి పట్టు వేసేది. ఆరిందంటే రాయిలా బిగుస్తుంది, తడిపితే తప్ప రాదు. మా ఇంట్లో బెల్లంతో కాని పని లేదని అవ్వ నమ్మకం. అదే కలిపి నా చెంపలకు, గదవకు పూసి ఉన్ని అద్దింది. చుర్రున మండింది. కాసేపటికి బిగుసుకుపోయి మూతి తెరవడమే కష్టమైంది. ఎండలో, ఈగల్లో, ఆ పండుగ జనంలో బెల్లం పూసుకొని తిరిగితే ఏమవుతుందో బెల్లం వండే ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

గడప దగ్గర అవ్వ నా భుజాలు పట్టుకుంది.

"వేషం కట్టినంక నోరు విప్పొద్దు బిడ్డా. అలాయి గుండం చుట్టు తిరిగి ఇంటికొచ్చెదాక ఒక్క మాట గూడ రావొద్దు. మాట జారితే మొక్కు చెల్లదు. అది మళ్ల పిల్లగాని మీదికొస్తది."

నేను తల ఊపాను. అప్పటికే తమ్ముడి పసుపు కళ్లు చూసి చూసి నాకు లోపల భయం గూడు కట్టుకొని ఉంది.

వీధిలోకి అడుగు పెట్టగానే ఎండ కళ్లలో, కాదు, కంట్లో పడింది. ఎన్నాళ్లకో మట్టి కాలికి తగిలింది. ఉరకాలనిపించింది, కుంటాలని గుర్తొచ్చింది. చిన్నమామ పక్కన నడుస్తూ, మేనల్లుడు ఈసారి పులి వద్దన్నాడని అందరికీ చెబుతున్నాడు. ఇదేం వేషమని ఊరంతా తల బద్దలు కొట్టుకుంది. ఒకరు ఒంటికన్ను దయ్యమన్నారు, ఒకరు రైలింజను డ్రైవరన్నారు. మా ఎదురింటి పెద్దమ్మ మాత్రం అటవీ శాఖ వాళ్లేమోనని ఇంట్లోకి పోయి కట్టెలు దాచుకుంది. పీర్ల కొట్టం దగ్గర, నిప్పులు పోసిన అలాయి గుండం చుట్టూ డప్పులు దద్దరిల్లుతున్నాయి. ఊదు పొగ, మలీద ముద్దల నెయ్యి వాసన, ఇత్తడి బిందెల్లో సోంపు వేసిన బెల్లం పానకం. పరీక్షలన్నీ నా పలక చూసి రాసిన ఒక పిల్లవాడు మా కిటికీ ముందుగా పోతూ రోజూ నన్ను వెక్కిరించేవాడు. వాడు పానకం తాగుతుంటే వెనకనుంచి పోయి చెవి మెలేశాను. తమ్ముడనుకొని వాడు తిట్టి ఊరుకున్నాడు. ఆ కాసేపూ నేను ఎవరి బిడ్డనూ కాను, పెద్దమనిషినీ కాను. అంత సంతోషం మళ్లీ నా పెళ్లిలో కూడా పడలేదు.

తర్వాత ఈగలు వచ్చాయి. మొదట ఒకటీ అరా, తర్వాత గుంపు. ఎండకు, గుండం సెగకు గడ్డం పైపొర కరిగి కారసాగింది, లోపలి పొర మాత్రం చర్మాన్ని పట్టుకొని వదలలేదు. చీమలు కోటు కాలరు మీదుగా దారి కట్టాయి. చెయ్యి పెడితే గడ్డం ఊడుతుందని చిన్నమామ నా చెయ్యి పట్టుకున్నాడు. ఇక నాకు మిగిలింది తల విదిలించడమే. అటూ ఇటూ, అటూ ఇటూ, ఈగలు ముసిరిన బర్రెలాగా తల ఊపుతూనే గుండం చుట్టూ తిరిగాను. చూసేవాళ్లు అది కూడా వేషంలో భాగమనుకొని నవ్వారు.

చిన్నమామ పానకం తెస్తానని పోయాడు. నేను కొట్టం గోడకు ఆనుకొని నిలబడ్డాను. అప్పుడు వచ్చాడు మా లెక్కల సారు. ఎల్లారెడ్డి నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. పండుగ చూసి తిరిగి పోతున్నట్టున్నాడు, చేతిలో మలీద పొట్లం. నా ముందు వంగి, తమ్ముడి పేరు పెట్టి పిలిచాడు. ఈగలు ముసిరిన నా ముఖం చూసి ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి గొంతు తగ్గించాడు.

"మీ అక్క కోసం మొన్న గానుగ కాడికి పోయిన. పిల్లనే బడి వద్దంటుంది సారూ, నేనేం చేస్త అన్నడు మీ బాపు. నిజంగనే ఆమె వద్దన్నదా? నువ్వు చెప్పు. వస్తనంటే పెద్దసారును తోలుకొని రేప్పొద్దుగాల మీ ఇంటికొస్త. పరీక్షకు పేర్లు పంపుడు రేపే ఆఖరు."

బాపు అట్లా చెప్పాడా? నేను వద్దన్నానని? నన్నెవరు అడిగారు? ఒక్క మాట, 'లేదు' అంటే చాలు. మూతి బిగుసుకున్నా ఆ మాత్రం వస్తుంది. కానీ ఆ మాట వెనక తమ్ముడు ఉన్నాడు. మాట జారితే వాడి మీదికి వస్తుంది. కాబట్టి తల ఊపాను. కాదు సారూ, నేను వద్దనలేదు సారూ అని అటూ ఇటూ గట్టిగా ఊపాను. మెడ నరాలు నొప్పి పుట్టేలా ఊపాను. ఉన్న ఒక్క కన్నుతో ఆయన కళ్లలోకే చూశాను.

సారు తన భుజం మీది తువ్వాలు తీసి నా ముఖం మీది ఈగలు తోలాడు.

"అయ్యో, ఎంత తకలీఫ్ అయితుందిరా నీకు. పోయి మొఖం కడుక్కో," అన్నాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకొని, "చెప్పవైతివి. సరే, ఆమెకే ఇష్టం లేదన్నట్టు," అని బస్సు కోసం నడిచి పోయాడు.

నేను ఆయన వెనక నాలుగడుగులు కుంటుతూ వేశాను. ఆ తర్వాత ఆగిపోయాను. కిటికీ చువ్వల వెనక ఉన్నప్పుడు కూడా నాకు అంత ఊపిరాడకుండా అనిపించలేదు. బయట నిలబడి ఉన్నాను, నన్ను వెతుక్కుంటూ వచ్చిన ఒకే ఒక్క మనిషి నా ముందే ఉన్నాడు, నేను మాత్రం ఆ గడ్డం లోపలే ఉండిపోయాను.

ఇంటికి పోయాక అవ్వ వేడినీళ్లు పోసి గడ్డం నానబెట్టింది. ఉన్నితో పాటు చర్మం కూడా కొంత వచ్చింది. ఏడ్చాను. మంటకు ఏడుస్తున్నాననుకొని అవ్వ వెన్న రాసింది. తమ్ముడి తల నిమిరి, మొక్కు చెల్లింది ఇక భయం లేదు అన్నది. ఆమె ముఖంలో అంత వెలుగు చూశాక నాకు నోరు రాలేదు. సాయంత్రం బాపు జిలేబీ పొట్లంతో వచ్చి నా ఎర్రటి గదవ చూసి ఏమైందన్నాడు. పొయ్యి సెగ తగిలిందని అవ్వే చెప్పింది. వేషం ఎవరు కట్టారంటే చిన్నమామ ఎవరో పిల్లవాడిని తెచ్చాడన్నది. సారు మాట బాపుతో చెప్పాలంటే ఆ మాట ఎక్కడ విన్నానో చెప్పాలి. అది చెబితే అవ్వ పరువు పోతుంది. జిలేబీ తిన్నాను. ఆ రోజు అది చేదుగా ఉందని ఇప్పటికీ ప్రమాణం చేస్తాను. తెల్లారింది, పొద్దెక్కింది, కిటికీలోంచి ఎంత చూసినా ఎవరూ రాలేదు.

తమ్ముడు బాగుపడ్డాడు. ఇప్పుడు భిక్నూర్ దగ్గర దాబా నడుపుతున్నాడు, ఎద్దులా ఉన్నాడు. నేను ఏడో తరగతి పాసూ కాదు, ఫెయిలూ కాదు. తర్వాత పొట్లాల కాగితాలు, అద్దెకు తెచ్చిన నవలలు, అన్నీ చదివి ఈ నాలుగు ముక్కలు రాయడం నేర్చుకున్నాను. ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది ఒకటే ఆలోచన. నా చదువు పోతే పోయింది, నేను నోరు మూసుకున్నందుకే తమ్ముడు బతికాడు.

పెళ్లయి, కొడుకు పుట్టాక, పీర్ల పండుగకు పుట్టింటికి వచ్చాను. పిల్లవాడికి దట్టీ కట్టించడానికి సాయబు తాత దగ్గరికి పోయాను. మాటల్లో మాటగా, వీడు పెద్దయితే వేషం కట్టిస్తాను తాతా, ఇంటికొచ్చేదాకా మాట్లాడకుండా ఆపడమే కష్టం అన్నాను. ఆయన దట్టీ ముడి వేస్తూ తల ఎత్తాడు.

"మాట్లాడొద్దని ఎవలు చెప్పిండ్రు బిడ్డా? గట్లాంటిదేం లేదు. నోరారా ఏడ్వనీకే గద ఈ పండుగ."

ఇంటికి ఎట్లా వచ్చానో తెలియదు. అవ్వ అరుగు మీద కాళ్లు చాపుకొని కూర్చుని ఉంది. అప్పటికి పళ్లన్నీ పోయాయి, చూపు సగం పోయింది. పిల్లవాడిని ఒళ్లో పెట్టుకొని ఆమె ముందు కూర్చున్నాను. మాట్లాడితే మొక్కు చెల్లదని ఎవరు చెప్పారని అడిగాను. అవ్వకు నా కోపం తెలియలేదు. బోసినోటితో నవ్వింది.

"ఎవలు చెప్తరు? నేనే అన్న. నీ గొంతింటే ఊరంత ఎరుకైతుండె. భయపెట్టకుంటే ఆగుతుంటివా నువ్వు? మొక్కుకేంది, ఒక బిందె పానకం పంచినా చెల్లుతుండె. మీ బాపుకు ఎదురు చెప్పనీకె నాతోని గాలే. గా కిటికీ కాడ నిన్ను జూస్తే నాకు కడుపుల దేవినట్టయితుండె. ఒక్క పూటన్న బయట తిరిగొస్తవని పంపిన."

పిల్లవాడు నా మెడలో గొలుసు లాగుతున్నాడు. నేను వాడి చెయ్యి విడిపిస్తూ కూర్చున్నాను. అవ్వ తడుముకుంటూ నా మోకాలు మీద చెయ్యి వేసింది.

"అప్పుడు నువ్వేం జెప్పనే లేదు. ఎట్లనిపిచ్చింది బిడ్డా బయట?"

"మంచిగనిపిచ్చిందవ్వా," అన్నాను.

ఏమేం చూశావో చెప్పమన్నది. ఊదు పొగ గురించి చెప్పాను, డప్పుల గురించి చెప్పాను, పెద్దమ్మ కట్టెలు దాచుకోవడం, పానకం తాగుతున్న పిల్లవాడి చెవి మెలేయడం చెప్పాను. అవ్వ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. సారు సంగతి ఒక్కటి తప్ప అన్నీ చెప్పాను.